ఎర్ర బంతి వెంట రెండు కళ్ళు

బిడ్డ పుట్టిన ఇంటికి చూడవచ్చిన వారు మొదట అడిగే ప్రశ్న "ఎవరి పోలిక?" అని. నెల దాటిన తరువాత ఆ ప్రశ్న మారిపోతుంది. "చూపు నిలిచిందా?" అంటారు. తెలుగునాట పెద్దలు తరతరాలుగా వాడుతున్న ఈ చిన్న మాటలో వైద్యశాస్త్రం విడమరచి చెప్పే విషయం చాలావరకు ఇమిడి ఉన్నది. చూపు ముందుగా ఒక వస్తువు మీద నిలవాలి. నిలిచిన తరువాతనే అది కదిలేదాన్ని వెంబడించగలుగుతుంది. ఈ రెండవ పనికి ఇంగ్లీషులో 'ట్రాకింగ్' అని పేరు. వేటగాడు అడుగుజాడలు పట్టి సాగిపోవడాన్ని స్ఫురింపజేసే మాట అది. దానిని తెలుగులో పెట్టవలసి వస్తే చటుక్కున ఒక పదం తోచదు. నిఘంటువులు 'అనుసరణ' అంటాయి, 'అనుధావనం' అంటాయి. రెండూ పొత్తిళ్ళలోని బిడ్డకు బరువే. మన అమ్మమ్మలు మాత్రం ఏ తడబాటూ లేకుండా "వెంట చూస్తున్నాడు" అని ఊరుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చిన మాట అదే. ఈ నెల ఈ శీర్షికలో ముచ్చటించదలచినది ఆ వెంట చూడడాన్ని గురించి, దానికి తోడ్పడే కొన్ని ఆటలను గురించి.

ఢిల్లీ నగరానికి తూర్పున, ఘాజియాబాదు జిల్లాలో, ఇందిరాపురం అనే పేట ఉన్నది. అహింసా ఖండ్, నీతి ఖండ్, జ్ఞాన ఖండ్, న్యాయ ఖండ్, శక్తి ఖండ్, వైభవ్ ఖండ్, అభయ్ ఖండ్ అని దాని భాగాలకు పేర్లు. చిరునామా చెబుతూ ఉంటే ధర్మశాస్త్రం వల్లిస్తున్నట్లు ఉంటుంది. ఆ పేర్ల వెనుక ఉన్నవి వరుసలు వరుసలుగా లేచిన బహుళ అంతస్తుల భవనాలు. ఉద్యోగాల నిమిత్తం వచ్చి అక్కడ కాపురాలు పెట్టిన తెలుగువారూ ఉన్నారు. అటువంటి ఇంట కాన్పు అయితే గుంటూరు నుంచో, కాకినాడ నుంచో, వరంగల్లు నుంచో అమ్మమ్మగారు బయలుదేరి వస్తారు. వాము, శొంఠి, సాంబ్రాణి, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేతచీరలు ఆమె వెంట వస్తాయి. వచ్చిన మొదటిరోజే ఎదురయ్యే చిక్కు ఉయ్యాల. ఊళ్ళో ఇంటికి దూలం ఉంటుంది. చీర వేసి కట్టేస్తారు. ఇక్కడ కప్పు నున్నని కాంక్రీటు. కొక్కెం ఉన్న ఒక్క చోటునూ సీలింగు ఫాను ఆక్రమించుకున్నది.

ఆ ఫానునే బిడ్డ కూడా చూస్తుంది. తెల్లని కప్పు, ముదురురంగు రెక్కలు, వాటి మధ్య కొట్టవచ్చినట్లుండే అంచులు. నెల బిడ్డ కంటికి అంతకన్న ఆకర్షణ మరొకటి లేదు. అటువంటి ఒక ఇంట ఒక బాలింత తన తల్లితో నిష్ఠూరంగా అన్నది: "అమ్మా, వీడు నావంక చూడడేమిటి? ఎంతసేపూ ఆ ఫాను కేసే చూస్తాడు." అమ్మమ్మగారు నవ్వి, "అంత దూరాన నిలబడి పిలిస్తే వాడికేం ఆనుతుంది తల్లీ? దగ్గరకు రా. జానెడు దూరంలోకి రా" అన్నారు.

'ఆనడం' ఎంత మంచి మాటో చూడండి. కన్ను ఒక వస్తువును అందుకొని దాని మీద ఆనుకోవడం. శాస్త్రం చెప్పేదీ అదే. అప్పుడే పుట్టిన బిడ్డ కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దవారికి 24. రెటీనా మధ్యన, సూక్ష్మమైన వివరాలను గ్రహించే చిన్న గుంటవంటి భాగంలో, కణాలు ఇంకా పలచగానే ఉంటాయి. అవి ఒత్తుగా కుదురుకొనడానికి కొన్నేళ్ళు పడుతుంది. కంటి వైద్యుని గదిలో వేలాడే పటం మీద అన్నిటికన్న పైన ఉండే పెద్ద అక్షరం కూడా, మనం నిలబడే దూరం నుంచి, పుట్టిన బిడ్డకు మసక మరకగానే కనిపిస్తుంది. ఉన్నంతలో స్పష్టంగా ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది. అమ్మమ్మగారి లెక్కలో జానెడు, జానెడున్నర. పాలు కుడిచే బిడ్డ కంటికీ తల్లి ముఖానికీ మధ్య దూరం కూడా దాదాపు అంతే.

పసిపిల్లలకు ఏమీ కనిపించదనీ, వెలుగునూ చీకటినీ మాత్రమే గుర్తిస్తారనీ చాలాకాలం పాటు విద్యావంతులు సైతం నమ్మేవారు. ఆ నమ్మకాన్ని కదిలించినవారిలో అమెరికాకు చెందిన రాబర్ట్ ఫాంజ్ అనే మనస్తత్వవేత్త ముఖ్యుడు. క్లీవ్‌లాండ్ నగరంలో పనిచేసిన ఆయన ఒక చిన్న పెట్టె వంటి గదిలో పసికందును వెల్లకిల పడుకోబెట్టి, పైన రెండు బొమ్మలు పక్కపక్కన ఉంచి, రంధ్రంలోనుంచి బిడ్డ కనుపాపలను గమనించాడు. ఏ బొమ్మ నీడ కనుపాప మీద ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టడమే ఆయన పద్ధతి. మాటలు రాని వారిని ప్రశ్న అడిగి జవాబు రాబట్టినట్లయింది! సాదా రంగుల కంటె గీతలనూ గళ్ళనూ, వాటికంటె కూడా మనిషి ముఖాన్ని పోలిన ఆకారాన్నీ పిల్లలు ఎక్కువసేపు చూస్తారని ఆయన 1961లో ప్రకటించాడు. 1975లో వెలువడిన మరొక పరిశోధన ఇంకా విచిత్రమైనది. పుట్టి సగటున 9 నిమిషాలైన శిశువుల ముందు ముఖం గీసిన అట్టను మెల్లగా పక్కకు జరిపారు. కళ్ళు, ముక్కు, నోరు తారుమారు చేసి గీసిన అట్టకంటె, సవ్యంగా గీసిన ముఖం వెంట వారు కళ్ళనూ తలనూ ఎక్కువ దూరం తిప్పారు. 1991లో ఇంగ్లండులో మళ్ళీ చేసి చూసినప్పుడు కూడా ఫలితం ఆ దిశలోనే వచ్చింది.

అంటే వెంట చూడడానికి కావలసిన ఆసక్తి పుట్టుకతోనే వస్తున్నది. నేర్పు మాత్రం నెమ్మదిగా వస్తుంది. మొదటి వారాలలో బిడ్డ చూపు కదిలే వస్తువు వెంట నున్నగా జారదు. వెనుకబడి, ఒక్కసారిగా గెంతి అందుకొని, మళ్ళీ వెనుకబడుతుంది. ముఖం మధ్యగీత దాకా వచ్చి ఆగిపోవడం కూడా పరిపాటి. తొలిసారి తల్లులైనవారు దీనిని చూసి బెంగపడతారు. బెంగ అక్కరలేదు. రెండవ నెలలో చూపు మధ్యగీతను దాటుతుంది. రెండు, మూడు నెలల మధ్య గెంతులు తగ్గి నునుపు వస్తుంది. నాలుగో నెల నాటికి ఈ చెవి వైపు నుంచి ఆ చెవి వైపు దాకా అర్ధచంద్రాకారంగా వెంబడించగలుగుతుంది. అడ్డంగా కదిలేది ముందు పట్టుబడుతుంది, పైకీ కిందికీ కదిలేది తరువాత. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఈ లెక్క పుట్టినరోజు నుంచి గాక, పుట్టవలసి ఉండిన రోజు నుంచి వేసుకోవాలి.

ఇక ఆటలు. మొదటి ఆటవస్తువు కొనవలసిన పని లేదు. అది తల్లి ముఖం. మన ఇళ్ళలో నలుగు పెట్టి నీళ్ళు పోసే అమ్మమ్మ పీటమీద కూర్చుని కాళ్ళు బారజాపి, బిడ్డను ఆ కాళ్ళమీద పడుకోబెట్టుకుంటుంది. నీళ్ళు పోయడం ముగిసి, ముఖం తుడవడానికి వంగినప్పుడు ఆమె ముఖం సరిగ్గా బిడ్డ కంటికి ఆనే దూరంలోకి వస్తుంది. తుడుస్తూ ఆమె తల ఇటూ అటూ ఊపుతుంది. నుదుట పెద్ద కుంకుమబొట్టు, తెల్లబడుతున్న జుట్టు, నవ్వే నోరు. బిడ్డ చూపు ఆ బొట్టును పట్టుకొని ఊగుతుంది. ప్రయోగశాలలో అట్టమీద గీసిన ముఖం చేసిన పనికి ఇది ఏమీ తీసిపోదు. పైగా అట్ట తిరిగి నవ్వలేదు. ఇందిరాపురపు స్నానాల గదిలో పీటకు చోటు చాలదు గనుక అమ్మమ్మగారు ప్లాస్టిక్ తొట్టి ముందు నిలబడి అవస్థ పడుతున్నారు. స్నానం ఎట్లా చేయించినా సరే, తుడిచే ఆ రెండు నిమిషాలు మంచం మీదనైనా తీరికగా ముఖాముఖి గడపమని నా మనవి.

రెండవది ఎర్ర బంతి. టి. బెర్రీ బ్రేజల్టన్ అనే శిశువైద్యుడు 1973లో నవజాత శిశువుల ప్రవర్తనను కొలవడానికి ఒక పద్ధతి రూపొందించాడు. ప్రపంచమంతటా దానిని వాడారు. అందులో పరికరాలు చాలా కొద్ది: ఒక చిన్న టార్చిలైటు, ఒక గిలక, ఒక గంట, ఒక ఎర్ర బంతి, అటువంటివే మరొకటి రెండు. ఎర్ర ఊలుతో నిమ్మకాయకన్న పెద్దదిగా, నారింజకన్న చిన్నదిగా బంతి చుట్టుకుంటే మనకూ సరిపోతుంది. పాలు తాగి, కాస్సేపు ఆగి, మెలకువగా నెమ్మదిగా ఉన్న వేళ చూసుకోవాలి. బంతిని జానెడున్నర దూరంలో పట్టుకొని, బిడ్డ చూపు దానిమీద నిలిచేదాకా కదపకుండా ఆగాలి. చాలామంది తొందరపడేది ఇక్కడనే. నిలిచిన తరువాత ఒకటి నుంచి పది లెక్కపెట్టినంత నిదానంగా ఒక పక్కకు జరపాలి. చూపు జారిపోతే మళ్ళీ మధ్యకు తెచ్చి ఆగాలి. మూడు నాలుగు నిమిషాలు చాలు. బిడ్డ ముఖం తిప్పుకున్నా, ఆవులించినా, ముఖం చిట్లించినా ఆట ముగిసినట్లే. అది నిరాకరణ కాదు, విశ్రాంతి కోరడం.

ఒక్క సూక్ష్మం గుర్తుంచుకోదగినది. ఆడించేటప్పుడు పాడవచ్చు, పిలవవచ్చు, గిలక ఆడించవచ్చు. కాని బిడ్డ వెంట చూస్తున్నదా లేదా అని తెలుసుకొనదలచినప్పుడు మాత్రం నోరు మెదపకూడదు, గాజులు గలగలమనకూడదు. చూపు లేని బిడ్డ కూడా చప్పుడు వైపు తల తిప్పుతుంది. గిలక ఆడిస్తే తిరిగాడు గనుక చూపు బాగున్నదని సంతృప్తిపడి నెలలు గడిపేసే ప్రమాదం ఉన్నది.

గిలకలు అన్నప్పుడు మన ఏటికొప్పాక గుర్తుకు రాక మానదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కతో రంగులద్ది బొమ్మలు చేస్తారు. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. బిడ్డ ప్రతిదీ నోట పెట్టుకొనే వయసు వస్తుంది కనుక రంగు దేనితో చేశారన్నది చిన్న విషయం కాదు. ఎరుపు, పసుపు పట్టీలు దగ్గర దగ్గరగా ఉన్న గిలక చేతిలో ఉంటే, నలుపు తెలుపు గళ్ళ అట్టలకు వందలూ వేలూ పోయవలసిన పని లేదని నా అభిప్రాయం. ఆ అట్టలు చెడ్డవి కావు. వాటితో బిడ్డ మేధావి అవుతాడన్న ప్రచారమే చెడ్డది. ఆరోగ్యంగా ఉన్న కన్ను, పలకరించే మనిషి, కదిలే వస్తువులు ఉన్న మామూలు ఇల్లు, ఈ మూడూ ఉంటే చూపు తనంతట తాను పెరుగుతుంది. ఆటలు దానికి పని కల్పిస్తాయి. పెద్దలకు గమనించే అవకాశం ఇస్తాయి. ఈ రెండవ ప్రయోజనం మొదటిదానికన్న తక్కువదేమీ కాదు.

ఉయ్యాలకు గుడ్డ చిలకల దండ కట్టే మన అలవాటు ఈ కాలంలో అమ్మే తిరుగుడు బొమ్మలకు తాతమ్మ వంటిది. అయితే దండను నడినెత్తిన గాక, బిడ్డ పొట్ట పైకి వచ్చేటట్లు కొంచెం ముందుకు, ఒకరోజు కుడికీ ఒకరోజు ఎడమకూ కట్టాలి. నాలుగు, ఐదు నెలలకు చేతులు చాచి లాగడం మొదలవుతుంది. ఆ రోజు వచ్చేలోపల దారాలూ పూసలూ విప్పి తీసేయాలి.

పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి, పళ్ళెంలో పోసి దిష్టి తీయడం అందరూ ఎరిగినదే. తెల్లని వెండి పళ్ళెంలో ఎర్రని నీరు, బిడ్డ ముఖం ముందు నెమ్మదిగా మూడుసార్లు గుండ్రంగా తిరుగుతుంది. దిష్టి పోవడం పోకపోవడం నమ్మినవారి ఇష్టం. కాని మూడో నెల బిడ్డ ఆ పళ్ళెం వెంట గుండ్రంగా కళ్ళు తిప్పుతుందా లేదా అని ఆ పూట ఒకసారి గమనించండి. అడ్డం, నిలువు అయిన తరువాత వలయాకారంగా వెంబడించడం వస్తుంది. ఎర్రనీళ్ళ పళ్ళెం దానికి చక్కని పరీక్ష.

మూడు నెలలు దాటిన తరువాత అసలైన ఆట దోబూచి. పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకొని తీసేయడం అందరికీ వచ్చు. దీనిలో ఒక చిన్న మార్పు చేస్తే వెంట చూసే ఆట అవుతుంది. చెంగు వెనుక కుడివైపు దాగి ఎడమవైపు నుంచి బయటకు రండి. ఎప్పుడూ అటే రండి. మొదట బిడ్డ చూపు మీరు మాయమైన చోటనే ఉండిపోతుంది. నాలుగో నెలలో అక్కడక్కడ, ఆరో నెల నాటికి స్పష్టంగా, మీరు రాబోయే వైపుకు చూపు ముందే పోయి కాచుకొని ఉంటుంది. కంటి ముందు లేనిది కూడా ఎక్కడో సాగుతూనే ఉన్నదని తెలియడానికి అది తొలి మెట్టు. జెరోమ్ బ్రూనర్ వంటి మహాపండితుడు 1976లో దోబూచులాట మీద పరిశోధనా వ్యాసం ప్రకటించాడంటే ఆశ్చర్యం కలుగుతుంది. భాషలోని నియమాలను పట్టుకొనడానికి ముందే పిల్లలు ఆటలోని నియమాలను పట్టుకుంటారని ఆయన చూపాడు. చాపమీద లక్కబొమ్మను దొర్లించి దిండు వెనుకగా పోనిచ్చి మరోవైపు రప్పించడం కూడా ఇదే ఆట. బిడ్డను బోర్లా పడుకోబెట్టి, మనమూ చాపమీద పడుకొని ఆడించాలి. మెడకు కూడా బలం వస్తుంది. బిడ్డ మెలకువగా ఉండి, పెద్దవారు పక్కన ఉన్నప్పుడే సుమా.

చందమామను చూపించడం ఈ కోవలోనిది కాదు. చందమామ కంటికి కదలడు. అక్కడ బిడ్డ నేర్చుకొనేది అమ్మ వేలు ఎటు చూపుతున్నదో అటు చూడడం. అది సంవత్సరం నిండే ముందు వచ్చే విద్య. ఇందిరాపురంలో శీతకాలపు పొగమంచులో చందమామ కానరాని రాత్రులే ఎక్కువ. కాని బాల్కనీ కమ్మీల మీద పావురాలకు కొదవ లేదు. తెలుగునాట కాకమ్మ చేసే పనిని అక్కడ పావురం చేస్తున్నది. అది వాలి, నడిచి, ఎగిరిపోతూ ఉంటే ఆరు నెలల బిడ్డ చూపు దగ్గరి నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరకు మారుతుంది.

సెల్‌ఫోనులో రంగురంగుల బొమ్మలు కదులుతాయి కదా, అవి చూస్తే కళ్ళకు వ్యాయామం కాదా అని అడిగేవారున్నారు. ఏడాది లోపు పిల్లలకు తెర చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. తెర బిడ్డ వేగాన్ని ఎరుగదు. బిడ్డ చూపు జారిపోతే అది ఆగి ఎదురుచూడదు. ఊళ్ళో ఉన్న తాతగారు వీడియోలో పలకరించడానికి మన శిశువైద్యుల సంఘం మినహాయింపు ఇచ్చింది కాబట్టి ఆ ముచ్చటకు మాత్రం లోటు చేయనక్కరలేదు.

కదలికకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? దీనికి సమాధానం ఇందిరాపురానికి గంట ప్రయాణం దూరంలోనే దొరికింది. ఢిల్లీ దర్యాగంజ్‌లో డాక్టర్ ష్రాఫ్ ధర్మ నేత్రాలయం ఉన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆచార్యులైన పవన్ సిన్హా ప్రారంభించిన 'ప్రాజెక్ట్ ప్రకాశ్' అక్కడి వైద్యులతో కలిసి, పుట్టుకతో శుక్లాలు వచ్చి చూపు లేకుండా పెరిగిన పిల్లలను వెదకి శస్త్రచికిత్స చేయిస్తున్నది. 1688లో విలియం మాలిన్యూ అనే ఐరిష్ పండితుడు తత్త్వవేత్త జాన్ లాక్‌కు ఒక ప్రశ్న రాసి పంపాడు: పుట్టుగుడ్డికి చూపు వస్తే, అంతకు ముందు చేతితో తడిమి ఎరిగిన గోళాన్నీ ఘనాన్నీ కంటితో చూసి గుర్తించగలడా? ఇంగ్లీషు సాహిత్యం చదివినవారు పాఠ్యగ్రంథాల అడుగు సూచికలలో చూసి దాటిపోయే ప్రశ్న అది. మూడు వందల ఏళ్ళకు పైబడి పండితులు వాదించుకున్న ఆ ప్రశ్నకు 2011లో ఈ పిల్లలే జవాబు చెప్పారు: వెంటనే గుర్తించలేరు, కాని కొద్దిరోజులలోనే నేర్చుకుంటారు.

మన ప్రస్తుతాంశానికి దగ్గరైనది 2009 నాటి మరొక పరిశీలన. కొత్తగా చూపు వచ్చినవారికి ఒకదానిపై ఒకటి పడిన రెండు ఆకారాలను చూపితే అవి రెండని తెలియలేదు. గీతల ముక్కల గజిబిజిగా తోచింది. కాని ఆ ఆకారాలలో ఒకదానిని కదిపితే, కలిసి కదిలేవన్నీ ఒకే వస్తువని చప్పున పట్టుకున్నారు. కొన్ని నెలల తరువాత నిశ్చలంగా ఉన్న వాటినీ విడదీసి చూడగలిగారు. కదలికే వారికి చూడడం నేర్పింది. ఇక పసిబిడ్డ ఉయ్యాల ముందు ఎర్ర బంతి జరుగుతున్నప్పుడు ఏమి జరుగుతున్నదో ఊహించుకోవచ్చును. బంతి అంచు ఎక్కడ ముగిసిందో, వెనుక గోడ ఎక్కడ మొదలైందో బిడ్డకు తెలియజెప్పేది ఆ జరగడమే.

అయితే ఆ పిల్లలకు పూర్తి చూపు రాలేదన్నది కూడా చెప్పాలి. కారణం కాలం. పిల్లికూన కన్ను ఒకటి కొన్ని వారాలు మూసి ఉంచితే, తరువాత తెరిచినా మెదడు ఆ కంటి మాట వినడం మానేస్తుందని డేవిడ్ హ్యూబెల్, టార్స్‌టెన్ వీజల్ 1960లలో నిరూపించారు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి బిడ్డకు ఆ గడువు కొంత సుదీర్ఘమైనదే అయినా దట్టమైన శుక్లం పుట్టుకతో ఉంటే మొదటి రెండు నెలల ప్రాంతంలోనే తీసివేయడం శ్రేయస్కరమని వైద్యులు చెబుతారు. రెండు నెలలు! మన ఇళ్ళలో "ఇంకా పసిగుడ్డు, పెరిగితే అదే సర్దుకుంటుంది" అనుకునే కాలం సరిగ్గా అంతే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ గడువు ఇంకా స్వల్పం. రెటీనాకు రక్తనాళాలు పూర్తిగా పరచుకొనక ముందే బిడ్డ భూమిమీద పడితే, అవి దారితప్పి పెరిగి రెటీనాను లాగి ఊడదీయగలవు. పైకి కన్ను చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. 2000 గ్రాములకన్న తక్కువ బరువుతో గాని, 34 వారాలకు ముందు గాని పుట్టిన బిడ్డకు 30 రోజుల లోపల రెటీనా పరీక్ష చేయించాలన్నది మనదేశంలో వైద్యులు పెట్టుకున్న నియమం. ఇంకా ముందు, ఇంకా తేలికగా పుట్టినవారికి రెండు మూడు వారాలకే. ఈ విషయంలో తెలుగుగడ్డకు ఒక పేరున్నది. సినీరంగ ప్రముఖులు ఎల్.వి. ప్రసాద్ గారి విరాళంతో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి సారథ్యంలో 1987లో హైదరాబాదులో వెలసిన నేత్రవైద్య సంస్థ నుంచి డాక్టర్ సుభద్రా జలాలీ 1990ల చివరి సంవత్సరాలలో జంటనగరాల ఆసుపత్రులకు తామే వెళ్ళి పసికందుల కళ్ళు పరీక్షించే పని ప్రారంభించారు. బిడ్డను మోసుకొని కంటి ఆసుపత్రికి రమ్మంటే బాలింత రాలేదు గనుక వైద్యులే ఇన్‌క్యుబేటరు దగ్గరకు నడిచారు. 'ముప్పై రోజుల' నియమాన్ని సామాన్యుల చెవిన వేయడానికి ఆమె చేసిన కృషి ఎంతో ఉన్నది. ఇందిరాపురం వాసులకు ఢిల్లీలో అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ ఆవరణలోని డాక్టర్ రాజేంద్రప్రసాద్ నేత్రవిజ్ఞాన కేంద్రం అందుబాటులో ఉన్నది. అది 1967 నుంచి పనిచేస్తున్నది. నెలలు నిండని బిడ్డ విషయంలో వెంట చూడడం వచ్చేదాకా ఆగి చూద్దామనుకొనడం మాత్రం తగదు. వెంట చూసే వయసు వచ్చేనాటికి ముప్పై రోజులు ఎప్పుడో గడిచిపోతాయి.

నెలలు నిండి పుట్టిన బిడ్డలో గమనించవలసినవి వేరు. మూడో నెల దాటుతున్నా ముఖం మీద చూపు నిలవకపోవడం, కళ్ళు నిరంతరం అటూ ఇటూ కొట్టుకొంటూ ఉండడం, నల్లగా ఉండవలసిన కనుపాప తెల్లగా మెరవడం, వెలుతురు చూస్తే విపరీతంగా కళ్ళు మూసుకొని నీళ్ళు కార్చడం, నల్లగుడ్డు మామూలుకన్న పెద్దదిగా ఉండడం. ఫోటోలో ఒక కన్ను ఎర్రగానూ ఒకటి తెల్లగానూ పడితే, ఫోటో చెడిందనుకొని పారవేయక వైద్యునికి చూపాలి. మెల్ల విషయం ప్రత్యేకించి చెప్పాలి. మొదటి మూడు నెలలు అప్పుడప్పుడు కళ్ళు కలిసిపోవడం సహజం. ఆ తరువాత కూడా నిలిచిపోతే "మెల్లకన్ను అదృష్టం" అని మురిసిపోకూడదు. అదృష్టం సంగతి ఎట్లా ఉన్నా, ఆ కంటి చూపును మెదడు క్రమంగా విడిచిపెడుతుంది. కాటుక దిద్దడం మీద కూడా అమ్మమ్మలతో పేచీ తప్పదు. బజారు కాటుకలలో సీసం ఉండవచ్చు గనుక బొట్టు బుగ్గన గాని పాదాన గాని పెట్టి కంటిని వదిలేయడం రాజీమార్గం.

ఇవన్నీ వైద్యుని అడగడానికి ప్రత్యేకంగా బయలుదేరనక్కరలేదు. మన టీకాల పట్టిక ప్రకారం 6, 10, 14 వారాలకు బిడ్డను ఎట్లాగూ తీసుకువెళతాము. ఆరో వారం చూపు నిలవడానికీ, పద్నాలుగో వారం వెంట చూడడానికీ సరిగ్గా అనువైన సమయాలు. తిరువనంతపురంలోని శిశువికాస కేంద్రం రూపొందించిన 17 అంశాల పట్టికలో తొలి అంశాలలోనే ఒకటి, పెన్సిలును కళ్ళతో వెంబడించడం. సూది వేయక ముందే, బిడ్డ ఏడుపు అందుకోక ముందే, "డాక్టరు గారూ, ఒకసారి వీడు వెంట చూస్తున్నాడో లేదో చూడండి" అని అడగాలి. వైద్యుని జేబులో పెన్సిలు ఉండనే ఉంటుంది. లేకపోతే ఎర్ర ఊలుబంతి తీసుకువెళ్ళే సంచిలో వేసుకోండి, పాలపీకకూ మార్చే గుడ్డలకూ పక్కన.